చీలమండ ఇంజెక్షన్లకు 45 వేలు: చీటీ పాడాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 46. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం చేతికి 38 వేలు వస్తుంది. మా వారికి చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఎనిమిది నెలలుగా కుడికాలి చీలమండ వెనక, మడమ పైభాగంలో విపరీతమైన నొప్పి. రోజంతా నిలబడే పాఠాలు చెప్పాలి. ఎమ్మారై తీయించి ఎకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతిందన్నారు. ఫిజియోథెరపీ పది రోజులు చేయించుకుని మానేశాను (సిట్టింగ్‌కు 500). ఆపరేషన్ అక్కర్లేదు, పీఆర్‌పీ (మన రక్తంతోనే చేసే) ఇంజెక్షన్లు మూడు సిట్టింగులు చేయించుకుంటే చాలు, క్లినిక్‌లోనే గంటలో అయిపోతుందంటున్నారు. ప్యాకేజీ 45 వేలు. ఒకేసారి కడితే 41 వేలు. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది, ప్రాసెసింగ్ ఫీజు 1,500. స్కూలు తరఫున 3 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కానీ దీనికి రాదట. 'కావాలంటే ఒకరోజు అడ్మిట్ అయినట్టు చూపిద్దాం' అని క్లినిక్ మేనేజర్ అన్నారు. సేవింగ్స్‌లో 60 వేలు, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కోసం 2 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. 2 లక్షల చీటీ నడుస్తోంది, ఇప్పుడు పాట 50 వేల దాకా పోతోంది. చీటీ పాడమంటారా, ఈఎంఐ పెట్టమంటారా? ఈ ఖర్చు మీద టాక్స్ ఏమైనా తగ్గుతుందా? వచ్చే ఏడాది ఈ స్కూలు మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: ముందు చీటీ సంగతి తేల్చేద్దాం. పాట 50 వేలకు పోతున్నప్పుడు మీరు ఎత్తితే చేతికొచ్చేది లక్షా యాభై వేలు. మీకు కావాల్సింది 41 వేలు. అంటే 41 వేల అవసరానికి 50 వేలు వదులుకుంటారన్నమాట. మిగిలిన లక్షా తొమ్మిది వేలు అకౌంట్లో కదలకుండా ఉంటాయనుకోకండి. డబ్బు ఉందని తెలిస్తే ఇంట్లో ప్రతి అవసరానికీ కాళ్లొస్తాయి. చీటీని ముట్టుకోకండి. చివరి నెలల్లో పాట ఎలాగూ తగ్గుతుంది, అప్పుడు ఎత్తి అమ్మాయి ఫీజుకు వాడుకోండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. ఒకేసారి కడితే 41 వేలు, వాయిదాల్లో అయితే 45 వేలు అని వాళ్లే చెప్తున్నారు. ఆ తేడా నాలుగు వేలూ వడ్డీయే. నెలకు 7,500 చొప్పున ఆరు నెలలు కడతారు, అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది. ఆ లెక్కన నూటికి నెలకు రెండు రూపాయల డెబ్బై పైసల దాకా పడుతోంది. ప్రాసెసింగ్ ఫీజు 1,500 కూడా కలిపితే నూటికి మూడు రూపాయల ఎనభై పైసలు దాటుతుంది. ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర వడ్డీ అడిగితే మీరు గుమ్మం కూడా ఎక్కరు. ఇక్కడ ఏసీ గదిలో, నవ్వుతూ అడుగుతున్నారు, అంతే తేడా.

మరి 41 వేలూ సేవింగ్స్‌లోంచి ఇచ్చేయాలా? అది కూడా ఇప్పుడే వద్దంటాను. కారణం తర్వాత చెప్తాను. ముందు ఇన్సూరెన్స్ ఎందుకు రాదో చూద్దాం. మేనేజర్ గారి సలహా ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమవుతుంది.

పాలసీ ఖర్చు ఇవ్వాలంటే మామూలుగా 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి. దీనికి మినహాయింపు డే కేర్ చికిత్సలు. అయితే 24 గంటల్లోపే ఇంటికి వెళ్లిపోయారు కాబట్టి అది డే కేర్ అయిపోదు. ఆస్పత్రిలోనో డే కేర్ సెంటర్లోనో, పూర్తి మత్తు లేదా లోకల్ అనస్థీషియా ఇచ్చి చేసినదై ఉండాలి. టెక్నాలజీ ఇంతగా పెరగకపోయి ఉంటే 24 గంటలకు మించి అడ్మిట్ కావాల్సిన చికిత్స అయి ఉండాలి. సాధారణంగా ఓపీలో, అంటే అడ్మిట్ కాకుండా చేసేవి ఇందులోకి రావని నిర్వచనంలోనే రాసి ఉంది. పీఆర్‌పీ అంటే మీ చేతి నుంచి రక్తం తీసి, మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి, నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్‌గా ఇవ్వడం. కన్సల్టేషన్ గదిలో అయిపోయే పని. కాబట్టి కంపెనీ కాదనడంలో తప్పేమీ లేదు. అడ్మిషనే లేనప్పుడు అంతకుముందు తీయించిన ఎమ్మారై బిల్లు కూడా రాదు. అయినా ఒకసారి హెచ్‌ఆర్‌ని అడిగి పాలసీ కాగితం తెప్పించుకోండి. కొన్ని గ్రూప్ పాలసీల్లో ఓపీడీకి కొంత లిమిట్ పెడతారు, చాలామంది టీచర్లు దాన్ని అడగనే అడగరు.

అడ్మిట్ అయినట్టు చూపించే సంగతికి వస్తే, పట్టుబడితే మేనేజర్‌కు ఏమవుతుందో నాకు తెలియదు గానీ మీకేమవుతుందో తెలుసు. క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దు కావచ్చు, స్కూలు యాజమాన్యం దాకా వెళ్తుంది. తప్పుడు అడ్మిషన్‌కు ఏదో ఒక జబ్బు పేరు రాయాలి కదా, అది మీ రికార్డులో ఉండిపోతుంది. రేపు సొంతంగా పాలసీ తీసుకునేటప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. పాలసీ వరసగా 60 నెలలు నడిచాక పాత వివరాలు చెప్పలేదని క్లెయిమ్ ఆపకూడదన్న రూల్ ఉంది, దానికి కూడా మోసం ఒక మినహాయింపే. 41 వేల కోసం ఇంత టెన్షన్ ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ 41 వేలకు మీకు దక్కేదేమిటి? నేను డాక్టర్‌ని కాను, ఇంజెక్షన్ వద్దనే అర్హత నాకు లేదు. కానీ నా దగ్గరికి ఎవరైనా ఒక పథకంలో డబ్బు పెడతానని వస్తే ముందు దాని పాత లెక్కలు చూడమంటాను. ఇక్కడా అదే పని చేద్దాం. మీకున్న ఇదే సమస్య మీద బ్రిటన్‌లో 240 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొందరికి నిజంగా పీఆర్‌పీ ఇచ్చారు, మిగతావాళ్లకు ఇచ్చినట్టు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నెదర్లాండ్స్‌లో 54 మందితో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలోనూ అంతే. చీలమండ కీలు అరిగినవాళ్లు 100 మందికి అదే దేశంలో ఇచ్చి చూశారు, 2021లో వచ్చిన ఆ ఫలితమూ ఉప్పు నీళ్ల ఇంజెక్షన్ కన్నా మెరుగేమీ కాదనే తేల్చింది. వీటిని పట్టుకుని మీకు పని చేయదని నేననను. మీ డాక్టర్ గారు చూసిన ఎమ్మారై నేను చూడలేదు. కానీ ఇలాంటి రికార్డు ఉన్నదానికి మూడు సిట్టింగుల డబ్బు ముందే కట్టడం మాత్రం సరికాదు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ పట్టింది వేరే వాక్యం: 'ఫిజియోథెరపీ పది రోజులు చేయించుకుని మానేశాను.' మెట్టు అంచు మీద ముందుపాదాలు ఆనించి నిలబడి, మడమలను మెల్లగా కిందికి దించే వ్యాయామం ఒకటుంది. స్వీడన్ డాక్టర్లు 1998లో దాని ఫలితాలు ప్రచురించారు. రోజుకు రెండు పూటలా, 12 వారాల పాటు చేయాలి. ఆ టెండన్ నొప్పికి ఇప్పటికీ చాలామంది మొదట చెప్పేది ఇలాంటి వ్యాయామమే. పది రోజుల్లో ఏమీ తెలియదు. మొదట్లో కొంచెం నొప్పి పెరిగినట్టు కూడా ఉంటుంది, అందుకే మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువ. ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఎనిమిదిసార్లు వెళ్లినా మీ ఊరి రేటుకు 4 వేలు. నేర్చుకున్నాక చేసుకోవడానికి మీ ఇంటి మెట్లు చాలు.

కాబట్టి డాక్టర్ గారిని సూటిగా అడగండి: 'పన్నెండు వారాల వ్యాయామం పూర్తిచేసి, తగ్గకపోతే ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తే ఇబ్బందేమైనా ఉందా?' ఇబ్బంది ఉంటే ఎందుకో ఆయనే చెప్తారు. ఇంజెక్షన్ల మీద ఆదాయమేమీ లేని మరో డాక్టర్‌కు ఎమ్మారై చూపించండి. వరంగల్ ఎంజీఎంలోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో ఆర్థోపెడిక్ ఓపీకి ఒక పూట పోతుంది, పోనివ్వండి. ఎవరైనా 'పీఆర్‌పీ ఖరీదు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ రెండు వేలలో అయిపోతుంది' అంటే తక్కువ ధర చూసి తలూపకండి. ఈ టెండన్‌లో స్టెరాయిడ్ ఇస్తే అది తెగే ప్రమాదం ఉందని డాక్టర్లే జాగ్రత్తపడతారు. మీకు షుగర్ ఉంటే స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు అది పెరుగుతుంది కూడా. టెండన్ తెగితే అది నిజమైన ఆపరేషన్, నిజమైన అడ్మిషన్. మీ 3 లక్షల పాలసీ ఉన్నది అలాంటి రోజు కోసం.

అన్నీ అయ్యాక కూడా పీఆర్‌పీయే చేయించుకుందామనుకుంటే ఒక్క సిట్టింగ్‌కే కట్టండి. దాని ధర విడిగా అడగండి. ప్యాకేజీ లెక్కన 15 వేలు దాటకూడదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఇస్తారా, ఆ చార్జీ అందులోనే ఉందా, కిట్ ఖర్చు, డాక్టర్ ఫీజు వేరా అన్నది బిల్లు మీద రాయించుకోండి. 'ప్యాకేజీయే తీసుకోవాలి' అంటే, వాడని సిట్టింగుల డబ్బు వెనక్కిస్తామని కాగితం మీద ఇవ్వమనండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. ఒక సిట్టింగ్ డబ్బు మీ సేవింగ్స్‌లోంచి సుఖంగా వస్తుంది, 45 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ జోలికి పోవక్కర్లేదు. ఇంకో ఖర్చు మీ ఉత్తరంలో లేదు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు కాలికి విశ్రాంతి కావాలి. క్యాజువల్ లీవులు అయిపోతే జీతం కోస్తారు. దసరా సెలవులకో వేసవి సెలవులకో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

టాక్స్ విషయం రెండు ముక్కల్లో చెప్తాను. మీ వయసుకు ఈ ఖర్చు మీద ఏమీ రాదు. మనం 80డి అని పిలుచుకునే మినహాయింపులో వైద్య ఖర్చు చూపించుకోవాలంటే రోగికి 60 నిండాలి, హెల్త్ ఇన్సూరెన్స్ ఉండకూడదు, నగదు కాకుండా చెల్లించాలి, పాత పన్ను విధానంలో ఉండాలి. అప్పుడు ఏడాదికి 50 వేల దాకా వస్తుంది. మీ అమ్మానాన్నలకు పాలసీ లేకపోతే వాళ్ల మందుల బిల్లులు దాచండి, మీ బిల్లు కన్నా అవి పనికొస్తాయి. ఇది చదువుతున్న టీచర్లలో జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకు ఓపీ వైద్యం కూడా అందులో ఉంది, ముందు అక్కడికి వెళ్లండి.

స్కూలు మానేసే ఆలోచన గురించి చివర్లో ఒక్క లైనులో రాశారు గానీ నాకు ఆందోళన కలిగించింది అదే. ఉద్యోగం వదిలిన రోజున ఆ 3 లక్షల రక్షణ పోతుంది. అప్పుడు కొత్త పాలసీకి వెళ్తే చీలమండ సమస్య పాత జబ్బు కింద లెక్క. గత 36 నెలల్లో చికిత్స తీసుకున్నది ఏదైనా ప్రపోజల్ ఫారంలో రాయాల్సిందే. దానికి గరిష్ఠంగా మరో 36 నెలల వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టవచ్చు. దాచి తీసుకోమని ఏజెంటు చెప్పినా వినకండి, ఎమ్మారై రిపోర్టు ఎక్కడికీ పోదు. దీనికి ఒక దారి ఉంది. రాజీనామా ఇవ్వకముందే, గ్రూప్ పాలసీ ఇచ్చిన కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారతానని అడగవచ్చు. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం వెయిటింగ్‌లో కలిసొస్తుంది. గడువు ఎన్ని రోజులో హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో తెప్పించుకోండి, నోటిమాట వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. చీలమండకు ఖర్చు పెట్టకుండా మిగిలిన డబ్బులో మొదటి ఏడాది ప్రీమియం పక్కన పెట్టాకే రాజీనామా లెటర్ రాయండి.