సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ మీద అమెరికన్ల అభిప్రాయం మారిందా?

మొత్తం లెక్క చూస్తే పెద్దగా మారలేదు. మారింది కోర్టును చూసే చూపు.

2012 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇన్సూరెన్స్ తీసుకోనివాళ్లు కట్టాల్సిన జరిమానాను పన్నుగా చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. వెంటనే గాలప్ అనే సంస్థ సర్వే చేస్తే తీర్పు సరైనదన్నవాళ్లు 46 శాతం, కాదన్నవాళ్లూ 46 శాతమే. అదే సంస్థ లెక్కలో, 2011 సెప్టెంబరు నుంచి 2012 జులైకి కోర్టు పనితీరు బాగుందనే డెమొక్రాట్లు (ఒబామా పార్టీవాళ్లు) 46 నుంచి 68 శాతానికి పెరిగారు, ఎదుటి పార్టీ రిపబ్లికన్లు 50 నుంచి 29కి పడిపోయారు. అంటే చాలామంది తీర్పును బట్టి చట్టాన్ని కొలవలేదు, చట్టం మీద ముందే ఉన్న అభిప్రాయంతో కోర్టును కొలిచారు.

జనం మనసు నిజంగా కదిలింది 2017లో. ట్రంప్ ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేస్తామన్నాక, ఆ ఏప్రిల్‌లో గాలప్ సర్వేలో మద్దతు మొదటిసారి సగం దాటి 55 శాతానికి చేరింది. నాకైతే కారణం స్పష్టంగానే కనిపిస్తుంది. చట్టం రద్దయి, పాత జబ్బు ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఇవ్వకపోతే? 26 ఏళ్లు నిండేదాకా పిల్లలు అమ్మానాన్నల పాలసీలో ఉండే వీలు పోతే? అక్కడి తెలుగు కుటుంబాలకూ ఇది ఇంటి విషయమే. కోర్టులో వాదించింది పన్ను గురించి, రాజ్యాంగం గురించి. రద్దు మాట రాగానే మాత్రం ఆస్పత్రి బిల్లు టెన్షన్ నేరుగా ఇంట్లోకి వచ్చింది.