స్లాటు ఎప్పుడు పెట్టుకోవాలంటే

చి. స్వాతికి, బాబాయి ఆశీస్సులు.

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చింది, డ్రైవింగ్ టెస్టుకి స్లాటు ఎప్పుడు పెట్టుకోమంటావని అడిగావు. 30 రోజులు నిండీ నిండగానే పరుగెత్తకు. అలాగని ఆరో నెల దాకా నాన్చకు. నీ తేదీని బట్టి చూస్తే ఆగస్టు రెండో వారం బాగుంటుంది.

నీ ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్న తేదీ జూన్ 5. దానికి 30 రోజులు నిండితేగాని టెస్టుకి కూర్చోనివ్వరు, అంటే జూలై 5 దాటాలి. డ్రైవింగ్ స్కూల్లో ఎప్పుడు చేరావన్నది ఈ లెక్కలోకి రాదు. డిసెంబరు 4తో ఆరు నెలల గడువు తీరిపోతుంది. గడువు తీరితే మళ్లీ కొత్త ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ 30 రోజులు.

చాలామంది చూసుకోనిది ఫెయిలైతే పట్టే సమయం. ఒకసారి తప్పితే వారం ఆగి మళ్లీ వెళ్లాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. నువ్వు ఆగస్టు 10న వెళ్లావనుకో. తప్పితే 18న, అదీ తప్పితే 26న వెళ్లొచ్చు. అప్పటికీ కాకపోతే 60 రోజులకి అక్టోబరు 25 అవుతుంది, ఎల్‌ఎల్‌ఆర్‌కి ఇంకా నెలకు పైగా గడువుంటుంది. స్లాటు దొరకడం నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అదే నవంబరు 20న మొదటిసారి వెళితే రెండో ప్రయత్నానికే గడువు మీద పడుతుంది.

మరి జూలైలోనే ఎందుకు వద్దంటున్నానంటే, స్కూలు కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఆఫ్ కాబోయిన బండిని ఆయన ఎన్నిసార్లు కాపాడాడో నీకు తెలియదు. క్లాసులు అయ్యాక మీ సొంత కారు మీద ఓ మూడు వారాలు తోలు. పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాల్సిందే. ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర 'ఎల్' పెట్టు, బోర్డు 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. ఒంటరిగా మాత్రం వీధి చివరికి కూడా తీయకు. ఏదైనా తగిలితే ఇన్సూరెన్సు దగ్గర పెద్ద పేచీ వస్తుంది.

టెస్టు ట్రాక్ మీద ఎక్కువమంది తప్పేది హెచ్ ఆకారపు దారిలో, రివర్సు దగ్గర. వెనక్కి వస్తూ స్టీరింగు తిప్పినప్పుడు కారు ముందు మూల బయటికి విసురుగా తిరుగుతుంది. కళ్లు రెండూ వెనక అద్దంలోనే ఉంటే ముందున్న కడ్డీ తగిలేస్తుంది. అందుకని ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు మూల, ఈ మూడూ వంతులవారీగా చూడు. యాక్సిలరేటర్ ముట్టుకోకు, క్లచ్ సగం వదిలితే (హాఫ్ క్లచ్) బండి దానంతటదే పాకుతుంది. కంగారులో వేగం పెరిగితే స్టీరింగు తిప్పడానికి చేతులకి టైము చాలదు.

ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు కాళ్లని నమ్ముకోకు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒక చోట ఇంజను చప్పుడు బరువెక్కి, బానెట్ కాస్త లేచినట్టవుతుంది. అక్కడ పాదం బిగపట్టి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించు. బండి వెనక్కి జారదు. వానాకాలం కాబట్టి తడి రోడ్డు మీద కూడా ఇది చేసి చూడు.

నీ ఎల్‌ఎల్‌ఆర్‌లో గేరు బైకు కూడా ఉంది కదా, దానికి 8 అంకె ఆకారపు ట్రాక్ మీద విడిగా టెస్టుంటుంది. కాలు కింద పెట్టకూడదు. యాక్టివా తీసుకెళితే కుదరదు, గేర్లున్న బండే కావాలి. హెల్మెట్ మర్చిపోకు.

కడ్డీ తగలకుండా పది రివర్సులు వరసగా వచ్చిన రోజు సాయంత్రమే కూర్చుని స్లాటు బుక్ చెయ్యి. వీలుంటే పొద్దుటి స్లాటు తీసుకో, ఎండా ఎదురుచూపులూ తగ్గుతాయి. రసీదు మీద కొండాపూర్ అని ఉంటే కొండాపూర్, నాగోల్ అని ఉంటే నాగోల్, అక్కడికే వెళ్లాలి. ఎల్‌ఎల్‌ఆర్, ఆధార్, రసీదుతో పాటు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం కూడా కావాలి. ఇంటి బళ్లకి పొల్యూషన్ తేదీ ఎప్పుడు దాటిందో ఎవరూ చూసుకోరు, అందుకే ముందురోజే చూడు.

లైసెన్సు కార్డు పోస్టులో ఇంటికే వస్తుంది. అద్దె ఇల్లు మారే ఆలోచన ఉందన్నావు కాబట్టి, స్లాటు బుక్ చేసేముందు ఎల్‌ఎల్‌ఆర్ మీద అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసుకో.

మీ బాబాయి