ఎన్‌కోడర్ల పోటీకి తలంబ్రాల క్లిప్పే సరైన పరీక్ష

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీస్తుంటాను. వీడియోని కుదించే ఎన్‌కోడర్లలో ఇన్నాళ్లూ ఎక్స్264తోనే ఇస్తున్నాను. ఈమధ్య ఒక సినిమా ట్రైలర్ డౌన్‌లోడ్ చేసి, ఎక్స్264, దాని తర్వాతి తరం ఎక్స్265 రెండింట్లోనూ సీఆర్‌ఎఫ్ (నాణ్యత స్థాయిని చెప్పే అంకె) 23 పెట్టి చూశాను. ఎక్స్265 ఫైలు చిన్నగా వచ్చింది, బొమ్మలో తేడా కనిపించలేదు. మారిపోవచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. ముందు ఆ ట్రైలర్‌ని పక్కన పెట్టండి. నెట్‌లో పెట్టినప్పుడే దాన్ని ఒకసారి బాగా కుదించేశారు. సన్నని వివరాలు అప్పుడే పోయాయి. చెరకు పిప్పి వేసి ఏ గానుగ మంచిదో తేల్చలేం కదా! రెండోది, సీఆర్‌ఎఫ్ 23 అంటే రెండింట్లోనూ ఒకటి కాదు. ఎక్స్264లో డిఫాల్ట్ 23 అయితే, ఎక్స్265లో 28. ఎవరి కొలబద్ద వారిది.

పరీక్షకు మీ కెమెరా ఒరిజినల్ ఫైళ్లే వాడండి. పది సెకన్ల ముక్కలు నాలుగైదు, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరించుకోండి. అందులో తలంబ్రాలు తప్పకుండా ఉండాలి. వందలాది బియ్యపు గింజలు తలో దిక్కుకీ ఎగురుతుంటే, పాత ఫ్రేములో ఏ గింజ ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఎన్‌కోడర్‌కి చాలా కష్టం. బిట్‌రేటు (సెకను వీడియోకి ఇచ్చే డేటా) చాలకపోతే గింజలు కాస్తా తెల్లటి మరకలవుతాయి, వెనకున్న పట్టుచీర జరీ అలికేసినట్టవుతుంది. స్వీడిష్ టెలివిజన్ వాళ్ల టెస్ట్ క్లిప్పుల్లో పరుగెత్తే జనాన్ని, నీటి మీద నుంచి లేచే బాతుల్ని పెట్టింది కూడా ఇలాంటి కష్టం కోసమే. రాత్రి రిసెప్షన్లో మసక వెలుతురు పడ్డ తెర ముక్క ఒకటి, కదలని ముఖం క్లోజప్ ఒకటి కూడా తీసుకోండి.

ఇక బిట్‌రేటు రెండింటికీ ఒకటే ఇచ్చి, టూ-పాస్‌లో (ముందు వీడియో అంతా ఒకసారి చదివి, రెండోసారి కుదించే పద్ధతి) ఎన్‌కోడ్ చేయండి. ఒక్క బిట్‌రేటు దగ్గరే ఆగిపోకుండా మూడు నాలుగింట్లో చూడండి. పట్టిన సమయం కూడా రాసుకోండి. ఎంత చిన్న ఫైలైనా రాత్రంతా కూర్చోబెడితే సీజన్లో మీకు పనికిరాదు.

నాణ్యతకి అంకెలు కావాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో వీమాఫ్ అనే కొలత ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో బయటపెట్టింది, వందకి మార్కులేస్తుంది. పిక్సెళ్ల తేడాని మాత్రమే లెక్కించే పాత కొలత పీఎస్‌ఎన్‌ఆర్ కంటే ఇదే కంటికి దగ్గర. ఎక్స్264 కంటికి ఇంపుగా ఉండాలని చేసే సర్దుబాట్లకు పీఎస్‌ఎన్‌ఆర్ మార్కులు కోసేస్తుంది. వీమాఫ్‌లోనూ సగటు ఒక్కటే చూడకండి, అతి తక్కువ మార్కులొచ్చిన ఫ్రేముల దగ్గరికి వెళ్లి చూడండి.

చివరి మాట మాత్రం కళ్లదే. మీ అసిస్టెంట్‌తో ఫైళ్లకు ఏ, బీ అని పేర్లు మార్పించి, ఏది ఏదో మీకు తెలియకుండా పెద్ద టీవీలో ఆడించండి. పాజ్ చేసి ఒక్క ఫ్రేమునే పోల్చొద్దు. పక్కపక్క ఫ్రేములకే నాణ్యత మారుతుంటుంది, ఒకదానిలో మంచి ఫ్రేము, రెండోదానిలో నాసి ఫ్రేము దొరికితే తీర్పు తలకిందులవుతుంది.

అన్నింట్లో ఎక్స్265 నెగ్గినా, అది తయారుచేసే హెచ్.265 ఫార్మాట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెడితే పాత టీవీలు చాలావాటిలో ఆడదు. పెళ్లివారింట్లో ఏ టీవీ ఉందో అడిగి, అప్పుడు ఇవ్వండి.