టెస్టింగ్‌లో పదాల అర్థాల మీద అంత పట్టింపు ఎందుకు?

"బగ్ దొరికిందిగా, ఏ మాట రాస్తే ఏంటి?" అని అడిగారు. నేను పేరోల్ (ఉద్యోగుల జీతాల లెక్కలు వేసే) సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తుంటాను. మా దగ్గర ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరో ఒకరి జీతంలో కోత పడుతుంది.

ఒక ప్రాజెక్టులో రిక్వైర్‌మెంట్, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే మాట, ఇలా ఉంది: "60 ఏళ్లు దాటిన ఉద్యోగికి సీనియర్ సిటిజన్ శ్లాబు వర్తించాలి." కోడ్ కూడా అలాగే రాశారు, 60 కంటే ఎక్కువ అని. చట్టం చెప్పేది 60 నిండితే చాలని, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడు నిండినా సరేనని. ఇంతవరకు బౌండరీ టెస్ట్‌లో, అంటే సరిగ్గా హద్దు దగ్గరి విలువలు ఇచ్చి చూసే టెస్ట్‌లో, దొరికిపోతుంది. అసలు మెలిక "నిండడం" దగ్గరుంది. 1956 ఏప్రిల్ 1న పుట్టినాయనకు 60 ఎప్పుడు నిండాయి? 2016 ఏప్రిల్ 1న అంటాం. ప్రత్యక్ష పన్నుల బోర్డు మాత్రం, ఏప్రిల్ 1న పుట్టినవాళ్లకు మార్చి 31నే నిండినట్టు లెక్క అని 2016 జులైలో సర్క్యులర్ ఇచ్చింది. ఆ ఒక్క రోజుతో ఆయన 2015-16లోనే సీనియర్ అయిపోయాడు, పన్ను పడని పరిమితి రెండున్నర లక్షల నుంచి మూడు లక్షలకు పెరిగింది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేసేసిన తరం కదా, ఒకటో తారీఖు పుట్టినరోజులు డేటాలో బోలెడు కనిపిస్తాయి.

ఒక్కో టెస్ట్ కేసు ఏమైందో రాసే స్టేటస్‌ల విషయమూ అంతే. టెస్ట్ సర్వర్ పడిపోయి కేసు నడవకపోతే అది బ్లాక్డ్. దాన్ని ఫెయిల్ అని పెడితే డెవలపర్ లేని బగ్ కోసం లాగ్స్ తవ్వుతూ కూర్చుంటాడు, సర్వర్ లేపాల్సినవాళ్లకు కబురే అందదు.

సివియారిటీ, ప్రయారిటీ కూడా ఒకటి కాదు: బగ్ వల్ల ఎంత దెబ్బ అన్నది సివియారిటీ, ఎంత త్వరగా సరిచేయాలన్నది ప్రయారిటీ. జీతం మీద కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్, ఫారం 16, తయారుచేసే స్క్రీన్ నవంబర్‌లో క్రాష్ అయిందనుకోండి. సివియారిటీ ఎక్కువే, కానీ ప్రయారిటీ తక్కువ, ఎందుకంటే అది ఇవ్వాల్సిన గడువు జూన్ 15. అదే క్రాష్ జూన్ మొదటి వారంలో వస్తే టీమ్ మొత్తానికి టెన్షన్. సివియారిటీ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇక బగ్ అనాలా, డిఫెక్ట్ అనాలా అని గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు. ఆ వాదన జోలికి నేను పోను. ఏ పేరు పెట్టినా ఆ టికెట్ అదే డెవలపర్‌కి వెళ్తుంది.