1950లలో బ్రిటన్ రేడియోలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం వచ్చేవి?

"ఇంటింటికీ టీవీ రాకముందు బ్రిటన్‌లో జనం రోజంతా రేడియోలో ఏం వినేవారు? మన ఆకాశవాణి లాగే ఉండేదా?" అని అడిగారు. నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర వృద్ధులుండే ఒక కేర్‌హోమ్‌లో పనిచేస్తాను. మధ్యాహ్నం పూట పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాత సంగతులు మాట్లాడించడం నా డ్యూటీలో భాగం. మామూలుగా నోరు మెదపనివాళ్లు కూడా రేడియో మాట ఎత్తితే అందుకుంటారు. వాళ్ల దగ్గర విన్నదీ, దాంతో ఆసక్తి పుట్టి నేను చదివిందీ కలిపి రాస్తున్నాను.

అప్పట్లో ఆ దేశంలో రేడియో అంటే బీబీసీయే. ప్రకటనలు లేవు, ఏడాదికి ఒక పౌండు లైసెన్స్ కట్టాలి. స్టేషన్లు మూడు. వార్తలు, ప్రసంగాలు, నాటకాలకు హోమ్ సర్వీస్. పాటలకు, సీరియళ్లకు, సరదాకు 1945లో మొదలైన లైట్ ప్రోగ్రామ్. గంభీరమైన సంగీత సాహిత్యాలకు 1946లో వచ్చిన థర్డ్ ప్రోగ్రామ్. పుస్తకాలన్నీ థర్డ్‌నే పొగుడుతాయి కానీ, మా కేర్‌హోమ్‌లో దాన్ని తలుచుకునేవాళ్లు నాకు కనబడలేదు. వాళ్లు చెప్పేదంతా లైట్ ప్రోగ్రామ్ గురించే.

ఆ లైట్ ప్రోగ్రామ్‌ని నడిపినవాళ్ల తెలివి నాకు చాలా నచ్చుతుంది. ఏ వేళకి ఎవరి చేతులు ఏ పనిలో ఉంటాయో చూసుకుని కార్యక్రమాలు పెట్టారు. మగవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లాక తొమ్మిది దాటగానే 'హౌస్‌వైవ్స్ ఛాయిస్', అంటే గృహిణులు ఉత్తరాలు రాసి కోరిన పాటలు. తర్వాత ఫ్యాక్టరీల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్'. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

ఇది యుద్ధకాలంలో, 1940 జూన్‌లో, ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనివాళ్లు అలసిపోకుండా పని సాగాలని మొదలుపెట్టినది. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట. బ్యాండు ఆపకుండా ఒక పాట మీద ఇంకో పాట వాయించుకుంటూ పోవాలి, మధ్యలో కబుర్లు ఉండవు. మిషన్ల రొదలో కూడా వినబడాలి కాబట్టి రాగం స్పష్టంగా ఉండాలి, సౌండు ఒక్కసారిగా తగ్గకూడదు. నిద్ర తెప్పించే పాటలు పనికిరావు, మరీ హుషారెక్కించేవీ పనికిరావు. 'డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్' అనే పాటని అందుకే పక్కనపెట్టారు. అందులో నాలుగు చప్పట్లు కొట్టే చోటు ఉంటుంది. అక్కడికి రాగానే పనివాళ్లు చేతిలో పనిముట్లు వదిలేసి చప్పట్లు కొడతారని, లేకపోతే స్పానర్లతో మిషన్ల మీద బాదుతారని భయం.

లెస్టర్ మేజోళ్లకు, అల్లిక బట్టలకు పేరున్న ఊరు. మా దగ్గర ఉండే ఒక పెద్దావిడ పదిహేనేళ్లకే అలాంటి ఫ్యాక్టరీలో చేరింది. 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' మొదట్లో వచ్చే, ఎరిక్ కోట్స్ అనే సంగీతకర్త కట్టిన కవాతు బాణీని నేను ఫోన్‌లో పెడితే ఆవిడ చేతులు ఒళ్లోనే కదులుతాయి. కుడిచేత్తో గుడ్డని ముందుకు తోస్తుంది, ఎడమచేత్తో అంచు పట్టుకుంటుంది. మనవడి పేరు కోసం తడుముకునే మనిషి, ఆ పాటలకు అందరూ గొంతు కలిపేవాళ్లని, సూపర్‌వైజర్ ఏమీ అనేవాడు కాదని గడగడా చెప్పేస్తుంది.

1950 నుంచి మధ్యాహ్నం 1:45కి ఐదేళ్లలోపు పిల్లలకు 'లిజన్ విత్ మదర్'. "హాయిగా కూర్చున్నారా? అయితే మొదలుపెడతాను" అని కథ చెప్పేవారు. అది పావుగంటే. రెండింటికి 'ఉమన్స్ అవర్'. అప్పటికి గిన్నెలు తోమడం అయిపోతుంది, పిల్లవాడు కునుకు తీస్తుంటాడు, తల్లికి ఒక గంట దొరుకుతుంది. 1946లో మొదలైనప్పుడు దాని మొదటి వ్యాఖ్యాత మగవాడే! కానీ తర్వాత తర్వాత మెనోపాజ్ లాంటి, ఇంట్లో ఎవరూ పైకి అనని విషయాలు కూడా మాట్లాడింది. సాయంత్రం ఒక డాక్టరు గారి భార్య డైరీ రూపంలో 'మిసెస్ డేల్స్ డైరీ' సీరియల్. వినలేకపోయినవాళ్లకు మర్నాడు పొద్దున మళ్లీ వేసేవారు. ఐదింటికి హోమ్ సర్వీస్‌లో బడిపిల్లల 'చిల్డ్రన్స్ అవర్'.

6:45కి 'ది ఆర్చర్స్'. మీరు ఆకాశవాణి మాట ఎత్తారు కదా, పోలిక ఇక్కడే కనిపిస్తుంది. మన రేడియోలో రైతుల కార్యక్రమం అంటే ఎక్కువగా సలహాలు, ముచ్చట్లు. వీళ్లు ఒక రైతు కుటుంబం కథ అల్లి అందులో సలహాలు కలిపేశారు. 1951 జనవరి 1న దేశమంతటా మొదలైనప్పుడు ఆహారం ఇంకా రేషన్‌లోనే ఉంది, రేషన్ పూర్తిగా పోయింది 1954లో. పంట పెంచడం దేశానికి అవసరం. జనం మాత్రం సలహాలకంటే మనుషుల్ని పట్టుకున్నారు. 1955 సెప్టెంబర్ 22న అందులో గ్రేస్ అనే కోడలు చనిపోతే దేశం ఏడ్చింది. బీబీసీకి పోటీగా ప్రకటనలతో నడిచే టీవీ ఛానెల్ ఐటీవీ మొదలైంది కూడా ఆ రాత్రే. ఆ సీరియల్ ఇవాళ్టికీ వస్తోంది.

రాత్రి హాస్యం. 'ది గూన్ షో' రాసిన స్పైక్ మిలిగన్ మన అహ్మద్‌నగర్‌లో పుట్టినవాడు. 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ'లో అయితే, ఒక మనిషి తన పెదవులు కదపకుండా మాట్లాడించే బొమ్మే హీరో. రేడియోలో ఆ మనిషి పెదవులు కదిలితే ఎంత, కదలకపోతే ఎంత! అయినా జనం విరగబడి విన్నారు.

ఆదివారం మధ్యాహ్నం లెక్క వేరు. 'టూ-వే ఫ్యామిలీ ఫేవరెట్స్'లో జర్మనీలో ఉన్న సైనికులకూ ఇక్కడి ఇళ్లకూ మధ్య పాటలు నడిచేవి. ఆ పేరు చెబితే మావాళ్లలో చాలామంది ముందు చెప్పేది ఓవెన్‌లో మాంసం వేగుతున్న వాసన గురించి.

1953లో రాణి పట్టాభిషేకంతో టీవీకి ఊపొచ్చింది. సాయంత్రాలు మెల్లగా దాని చేతికి పోయాయి. పగటి రేడియో ఇంకా చాలాకాలం గట్టిగానే నిలబడింది.

మీకు నిజంగా ఒక రోజు మొత్తం చూడాలని ఉంటే, 'బీబీసీ జీనోమ్' అనే సైట్‌లో 1923 నుంచి 2009 దాకా 'రేడియో టైమ్స్' పత్రికలో అచ్చయిన కార్యక్రమాల పట్టికలు ఉన్నాయి. తేదీ కొడితే చాలు. పండగ రోజులు వద్దు, 1952లో ఏదో ఒక మామూలు మంగళవారం ఎంచుకుని లైట్ ప్రోగ్రామ్ తెరవండి.