ఆ రాత్రి సంగతి నాయనకు చెప్పాలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది చంద్రగిరి దగ్గర పల్లె. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఫ్రెండ్స్‌తో కలిసి ఆరేడు నెలలు గంజాయి తాగాను. ఒక రాత్రి పోలీసులు పట్టుకుని, స్టేషన్‌లో కూర్చోబెట్టి, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని తెల్లారి పంపేశారు. మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు కానిస్టేబుల్ ఈవెంట్స్ పాసయ్యాను. వెరిఫికేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. నాయనకు ఏమీ తెలియదు. ఫ్రెండ్స్ ఫారంలో ఏమీ రాయొద్దంటున్నారు.

సలహా: బాబూ, ఎనిమిది నిమిషాల్లోపు 1600 మీటర్లు పరుగెత్తి వచ్చావు. మానేశానన్న నీ మాట నేను నమ్ముతున్నాను.

ఫ్రెండ్స్ మాట మాత్రం వినొద్దు. వెరిఫికేషన్ కోసం నింపే అటెస్టేషన్ ఫారంలో మామూలుగా అడిగేది అరెస్టు, నిర్బంధం, కేసు, శిక్షల గురించి. అడగని అలవాటు గురించి కథంతా రాయక్కర్లేదు. అడిగినదానికి మాత్రం అబద్ధం రాయకు. అసలు ఆ రాత్రి కేసు కట్టారా? గంజాయి తాగడం కూడా మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ కింద నేరమే. ఆరు నెలల దాకా జైలు, 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ను వెంటబెట్టుకుని స్టేషన్‌లో కనుక్కో. ఫారం ఆయనకు చూపించి, ఆ రాత్రి 'నిర్బంధం' కిందికి వస్తుందేమో అడుగు.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని గురించే చెప్పింది. నిజం దాస్తే ఆ కారణంతోనే తీసేయొచ్చు. చిన్న వయసులో చేసిన చిన్న తప్పయితే మన్నించే వీలూ ఉంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. ఈ చివరి మాట నీకు చేదుగా ఉంటుంది, అయినా ముందే తెలియాలి.

నాకు ఎక్కువ దిగులు మీ నాయన గురించే. వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్లు ఊళ్లో నీ గురించి అడుగుతారు. ఈ సంగతి టీకొట్టు దగ్గర ఎవరి నోటో విన్నాడంటే ఆయన తల ఎత్తుకోలేడు. రాత్రి అన్నం తిన్నాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. "తప్పు చేశాను నాయనా, మూడేళ్లుగా ముట్టలేదు" అను. ఫ్రెండ్స్ మీదికి నెట్టకు. తిడతాడు, రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు. ఓర్చుకో.

ఈ టెన్షన్‌లో మనసు మళ్లీ అటు లాగితే 14446కు ఫోన్ చెయ్యి, అది మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్, డబ్బులు పడని నంబరు. లేదా తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలువు. లాయర్ ఏమన్నాడో నాకు మళ్లీ రాయి.