ముందు ఆఖరి కుర్చీలో కూర్చో

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ఒకదాంట్లో ప్రొజెక్టరు, ఇంకోదాంట్లో పెద్ద టీవీ, మూడోదాంట్లో ఆ రెండూ, వాటితోపాటు మనం అడగని సామాను కూడా. "ఏది తీసుకోమంటావు మావయ్యా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో తేలేదైతే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. మూడింట్లోనూ మిషన్ల గొప్పలు పేజీలకు పేజీలున్నాయి గానీ, మీ మీటింగ్ రూమ్ గురించి ఒక్క లైను లేదు. గది పొడవెంత, కిటికీలు ఎటున్నాయి, ఎంతమంది కూర్చుంటారు అని వాళ్లు అడగలేదు, నువ్వూ చెప్పినట్టు లేవు. చెప్పులు కొనడానికి వెళ్లి కాలు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది.

కాబట్టి ముందు టేపు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లు. తెర పెట్టే గోడ దగ్గర్నుంచి అన్నిటికన్నా వెనకున్న కుర్చీ దాకా కొలువు. నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆరు మీటర్లు ఉంటుందనుకుంటున్నాను. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తెర మీద అంకెలు కళ్లు చికిలించకుండా చదవాలంటే, అతనికీ తెరకీ మధ్య దూరం బొమ్మ ఎత్తుకి ఆరు రెట్లు దాటకూడదు. మా పనిలో ఇది పాత లెక్క. నన్ను ఇప్పటిదాకా మోసం చెయ్యలేదు. ఆరు మీటర్లంటే మీటరు ఎత్తు బొమ్మ కావాలన్నమాట.

టీవీకి చెప్పే అంగుళాలు ఎత్తు కాదు, మూల నుంచి మూలకి. 65 అంగుళాల టీవీ బొమ్మ ఎత్తు 81 సెంటీమీటర్లు, 75 అంగుళాలదైతే 93, 86 అంగుళాలదైతే 107. ఆరుతో హెచ్చవేసి చూడు. 65 అంగుళాలది 4.9 మీటర్ల దాకా పనికొస్తుంది, 75 అంగుళాలది 5.6 దాకా, 86 అంగుళాలది 6.4 దాకా. కొటేషన్లో రాసింది 75. "గది నిండుగా ఉంటుంది మేడమ్" అంటాడు అమ్మేవాడు. గోడకి నిండుగా ఉండటం వేరు, వెనక కూర్చున్నవాడి కంటికి ఆనడం వేరు. డెమోకి పిలిచినప్పుడు వాళ్లు తెచ్చే జలపాతాల వీడియో చూడకు, అది ఎంత చిన్న టీవీలోనైనా బాగుంటుంది. మీ అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ షీటు, వాళ్లు రోజూ తెరిచేది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు. టేపుతో ఆరు మీటర్లు కొలిచి, అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుని, చివరి కాలమ్‌లో ఉన్నది 3నో 8నో చెప్పగలవేమో చూసుకో.

ఇక వెలుతురు సంగతి. ఇక్కడ నేనొకసారి బాగా దెబ్బతిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో 3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు కొన్నాను. ల్యూమెన్లంటే అది వేసే మొత్తం వెలుగుకి కొలత. డెమో ఇచ్చిన గదిలో కిటికీలకి నల్ల కర్టెన్లు, లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి. బొమ్మ వెలిగిపోతోంది, నేను మురిసిపోయాను. మా ఆఫీసులో మొదటి మీటింగులో చూస్తే అదే బొమ్మ పాలు కలిపిన నీళ్లలా ఉంది. చార్టులో లేత పసుపు ముక్క, లేత నారింజ ముక్క కలిసిపోయాయి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఆ ముక్క ఎవరిది?" అన్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు. లైట్లన్నీ ఆర్పాం. బొమ్మ బాగుపడింది గానీ, కాయితం మీద రాసుకునేందుకు ఎవరికీ వెలుతురు లేదు. వెనక వరుసలో ఒకాయన హాయిగా కునుకు తీశాడు. ఆయన్ని నేను తప్పుపట్టను.

ఆ తర్వాత అర్థమైందేమిటంటే, ప్రొజెక్టరు నలుపుని వెయ్యలేదు. అది వెలుగు మాత్రమే వెయ్యగలదు. తెర మీద మనం నలుపనుకునేది అది వెలుగు వెయ్యకుండా వదిలేసిన చోటు. అక్కడ గదిలో లైటు ఎంత పడుతుంటే నలుపు అంత తెల్లబడుతుంది. లక్స్ మీటరు తెప్పించి కొలిచాను. లక్స్ అంటే చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్ల వెలుగు పడుతోందో ఆ లెక్క. మా తెర 2 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు, అంటే రెండున్నర చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్లని దాంతో భాగిస్తే 1200 లక్స్. గది లైట్లు తెర మీద పడేస్తున్నది 300 లక్స్. తెలుపున్న చోట రెండూ కలిసి 1500, నలుపున్న చోట 300. తెలుపు నలుపుకి అయిదు రెట్లు మాత్రమే ఉందన్నమాట. ఊరికే చూసి వెళ్లే బొమ్మకైనా ఏడు రెట్లుండాలని, అంకెలు చూసి నిర్ణయం తీసుకునే గదిలో పదిహేను రెట్లుండాలని ఈ రంగంలో వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. ఆ పదిహేనుకి మిషన్ మార్చే చేరాలంటే నాకు 10,500 ల్యూమెన్ల ప్రొజెక్టరు కావాలి. అది సినిమా హాలు సరుకు. అంత వేడి, అంత ఫ్యాను మోత మీటింగ్ రూమ్‌లో ఎవడు భరిస్తాడు?

చివరికి చేసిందేమిటంటే, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తెర దగ్గరున్న ఒక్క వరుస లైట్లకి విడిగా స్విచ్ పెట్టించాను. ఆ వరుస ఆర్పితే తెర మీద పడేది 80 లక్స్‌కి దిగింది. 1280ని 80తో భాగిస్తే పదహారు. బల్ల మీద వెలుతురు ఎక్కడికీ పోలేదు. ఒక పూట పని. అందుకని నువ్వు ఏ మిషన్ కొన్నా సరే, ఆ ముందు వరుసకి వేరే స్విచ్ ఉందో లేదో ఇవాళే చూసుకో.

ల్యూమెన్ల దగ్గర ఇంకో కిటుకు. ఆన్సీ ల్యూమెన్లో ఐఎస్ఓ ల్యూమెన్లో, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి అయితేనే ఆ అంకెని లెక్కలోకి తీసుకో. "ఎల్ఈడీ ల్యూమెన్లు", "లైట్ సోర్స్ ల్యూమెన్లు" అని రాసి ఉంటే అది వేరే లెక్క, పెద్దగా కనిపించడానికి వేసిన అంకె. తెలుపు ఎంత ప్రకాశమో, రంగులు ఎంత ప్రకాశమో రెండూ విడివిడిగా అడుగు. కొన్ని మిషన్లలో తెలుపు భేషుగ్గా ఉండి, ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది.

మీ గదికి ఒక పక్కంతా అద్దాల కిటికీలు, మధ్యాహ్నం దాకా ఎండ అన్నావు. ఆ గదికి ప్రొజెక్టరు వద్దు. టీవీయే. టీవీకి నలుపు దాని సొంతం, గది వెలుతురుకి అంత తేలిగ్గా చెదరదు. దాని జబ్బు వేరు, అది అద్దంలా మెరుస్తుంది. షోరూములో టీవీ ఆర్పించి, ఆఖరి కుర్చీ దూరం నుంచి ఆ నల్లటి తెరలోకి చూడు. నీ వెనకున్న ట్యూబ్‌లైటు గీత గీసినట్టు స్పష్టంగా కనబడితే అది వద్దు. మసకగా, పొగపట్టినట్టు కనబడితే మంచిది. గోడ మీద కూడా కిటికీకి ఎదురుగా కాకుండా, కిటికీ పక్కకి వచ్చేలా పెట్టించు. అడుగు అంచు నేలకి 1.2 మీటర్ల ఎత్తున ఉంటే ముందువాళ్ల తలలు అడ్డురావు.

ఇంట్లోకి అమ్మే టీవీ ఆఫీసుకి చవగ్గా వస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వారంటీ కాయితం చదువు, వ్యాపార వాడకానికి వర్తించదని చాలావాటిలో రాసే ఉంటుంది. రోజుకి పదహారు గంటలు నడవడానికి చేసిన ఆఫీసు రకం వేరే ఉంది, అది తీసుకో. ఇంటి టీవీలు కొన్ని బొమ్మ అంచుల్ని కాస్త కోసేస్తాయి కూడా. సినిమాలో తెలియదు. ఎక్సెల్‌లో మొదటి కాలమ్ మాయమైనప్పుడు తెలుస్తుంది.

రేపు మీరు పెద్ద హాలుకి మారితే అప్పుడు ప్రొజెక్టరు సంగతి చూద్దాం. ఇప్పటికి రెండు మాటలు గుర్తుంచుకో. త్రో రేషియో అంటే ప్రొజెక్టరు నుంచి తెర దాకా ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగించింది. అది 1.5 అయితే రెండు మీటర్ల వెడల్పు బొమ్మకి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. అది లెక్క చూడకుండా సీలింగుకి కన్నాలు వేయించకు. ఇక ప్రొజెక్టరు వంకరగా పెట్టి, కీస్టోన్ అనే సెట్టింగుతో సరిచేస్తామంటే ఒప్పుకోకు. అది వంకర బొమ్మని లోపల నలిపి చదరం చేస్తుంది, అక్షరాల అంచులు అరిగిపోతాయి.

కేబుళ్లు. మీటింగులు చెడేది ఎక్కువగా ఇక్కడే. పవర్‌పాయింటు వచ్చింది 1987లో, కంప్యూటరు బొమ్మని తెరకి పంపే పదిహేను పిన్నుల వీజీఏ సాకెట్టు వచ్చిందీ ఆ ఏడే. ఆ రెండు మరలు బిగిస్తూ నేను గడిపిన నిమిషాలన్నీ కలిపితే ఎన్ని రోజులవుతాయో. ఇప్పుడు మరలు లేవు గానీ తిప్పలు తప్పలేదు. లాప్‌టాప్ నుంచి టీవీకి బొమ్మ, శబ్దం పంపే మామూలు హెచ్‌డీఎంఐ వైరుతో 4కె బొమ్మ, అంటే ఇప్పటి పెద్ద టీవీల సన్నని చుక్కల బొమ్మ, అయిదారు మీటర్ల దాకా నమ్మకంగా వెళుతుంది. అది దాటితే బొమ్మ మినుకుమినుకుమంటుంది, లేదా అసలు రాదు. టీవీ నుంచి బల్ల మధ్యకి వైరు గోడలోంచి, నేల కిందనుంచి వెళ్లే దారిని కొలువు, గాలిలో దూరం కాదు. ఆరు మీటర్లు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ, అంటే బొమ్మని వెలుగు రూపంలో పంపే వైరు, వేయించు. దానికి లాప్‌టాప్ వైపు ఏదో, టీవీ వైపు ఏదో మీద రాసి ఉంటుంది. తిరగేసి గోడలో పూడ్చేస్తే మళ్లీ గోడ తవ్వడమే. నేలలో ఎలాగూ పైపు వేస్తారు కదా, పక్కనే ఇంకో ఖాళీ పైపు, అందులో లాగుడు తాడుతో సహా వెయ్యమను.

టైప్-సి సాకెట్టు ఉన్న ప్రతి లాప్‌టాప్ బొమ్మ ఇస్తుందనుకోకు. కొన్నిట్లో అది చార్జింగుకి, ఫైళ్లకి మాత్రమే. మీ ఆఫీసులో ఉన్న రకాలన్నీ ఒక్కొక్కటి తెప్పించి పెట్టి చూడు. వైర్‌లెస్ పెట్టించుకో, వద్దనను. కానీ బయటినుంచి వచ్చినవాళ్లకి మీ ఐటీ వాళ్లు అతిథుల వైఫై ఇస్తారు, అందులోంచి టీవీ కనిపించదు, వాళ్లు కనిపించనివ్వరు, అది వాళ్ల ధర్మం. మీటింగుకి రెండు నిమిషాల ముందు చెమటలు పట్టి వచ్చిన మనిషికి బల్ల మీద ఒక వైరు చేతికి అందాలి.

దూరాన ఉన్నవాళ్లతో వీడియోలో మాట్లాడతారు కదా, మైకు గురించి కొటేషన్లో ఏమీ లేదేం? బొమ్మ బాగోలేకపోయినా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే పదో నిమిషంలో ఫోన్లు చూసుకుంటారు. మైకు టీవీ కింద వద్దు, బల్ల మధ్యలో ఉండాలి. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది హోరు మాత్రం తగ్గదు. మైకు, స్పీకరు ఒకే పరికరంలో ఉన్నది తీసుకో. వేరువేరుగా కొంటే అవతలివాళ్లకి వాళ్ల గొంతే తిరిగి వినబడొచ్చు. అద్దాల గది కాబట్టి కాస్త మందం కర్టెన్లు కూడా వేయించు, ఎండకీ పనికొస్తాయి.

మూడో కొటేషన్ పక్కన పెట్టెయ్. రెండోదాంట్లో 75 కొట్టేసి 86 రాయించి, వారంటీ కాయితం కూడా తెప్పించు. వైరు దారి పొడవు, పొద్దున పదకొండింటికీ సాయంత్రం నాలుగింటికీ ఆఖరి కుర్చీలోంచి తీసిన గోడ ఫోటోలు రెండూ నాకు పంపు. అవి చూశాక ఆర్డరు పెడుదువుగాని.

మీ అత్తయ్య అడిగానని చెప్పమంది.

మావయ్య